ఉత్తుత్తి రొయ్యల గుంట

నిన్న మధ్యాహ్నం మా ల్యాబులో మూడో సంవత్సరం చదివే ఒక అమ్మాయి కుర్చీలోంచి ఎగిరి పడినంత పని చేసింది. "మేడమ్, రండి మేడమ్, ఎర్ర గీతలన్నీ పోయినాయి!" అని కేక. సరిగ్గా అదే సమయానికి శ్రీహరికోటలో ఏదో పైకి లేచినట్టుంది, కిటికీ అద్దాలు కాసేపు గడగడలాడాయి. మా కాలేజీ నాయుడుపేట దగ్గర. అద్దాలు గడగడలాడితే మా పిల్లలు తలెత్తి కూడా చూడరు. అటెండరు మాత్రం ఒక చేత్తో కిటికీ రెక్క పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను చూసుకుంటూ ఉంటాడు. నేను ఎర్ర గీతల మాట వినగానే చేతిలో సుద్దముక్క అక్కడే పారేసి పరుగెత్తాను. ఇన్నేళ్లుగా ఇదే పాఠం చెబుతున్నా, ఆ తెర మీద గీతలు కదులుతుంటే నాకు ఇప్పటికీ తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కినంత హుషారు. మా ఇంట్లోవాళ్లు దీన్ని పిచ్చి అంటారు. అననివ్వండి.

ఎర్ర గీత అంటే ఏమిటో చెప్పకపోతే మీకు నా సంబరం అర్థం కాదు. మేము ఒక చిప్పునో బోర్డునో తయారు చెయ్యబోయే ముందు, అది ఏం పని చెయ్యాలో కంప్యూటర్లో రాసుకుని, అక్కడే నడిపించి చూస్తాం. దాన్ని ఫంక్షనల్ సిమ్యులేషన్ అంటారు. పేరు చూసి జడుసుకోకండి, నాటకానికి రిహార్సల్ లాంటిదే. రిహార్సల్లో వేషాలుండవు, లైట్లుండవు, తెర ఎంతసేపట్లో లేస్తుందో ఎవరికీ పట్టదు. రాజు అడిగితే మంత్రి జవాబు చెప్పాడా లేదా, చెప్పాల్సిన జవాబే చెప్పాడా, అంతే చూస్తాం. తయారయ్యే వస్తువు ఎంత వేగంగా పనిచేస్తుంది, ఎంత వేడెక్కుతుంది అన్న గొడవలన్నీ తరవాత సంగతి. రిహార్సల్ నడుస్తున్నంతసేపూ తెర మీద ఒక్కో తీగకి ఒక్కో గీత వస్తుంది. ఆ తీగలో ఏముందో, ఒకటో సున్నానో, తెలిస్తే గీత ఆకుపచ్చగా ఉంటుంది, తెలియకపోతే ఎర్రగా ఉంటుంది. ఇక్కడేముందో నాకు తెలియదు బాబోయ్ అని కంప్యూటరు తనంతట తాను ఒప్పుకోవడం అన్నమాట.

"ఎట్టా పోగొట్టినావమ్మా?" అని అడిగాను. "తెలీని చోటల్లా సున్నా పెట్టేసినాను మేడమ్" అంది ఆ అమ్మాయి, మొహం చేటంత చేసుకుని. నాకు నవ్వు ఆగలేదు. కళ్ల నీళ్లు తుడుచుకునేదాకా నవ్వాను. ఆ పిల్ల మూతి ముడుచుకుంది. "నిన్ను చూసి కాదమ్మా, మా పెదనాన్న గుర్తొచ్చాడు" అని చెప్పి, క్లాసందర్నీ దగ్గరికి పిలిచి ఆ కథ మొదలుపెట్టాను. మా అవ్వ రోలు దగ్గరికి వచ్చేసరికి గంట కొట్టారు. బస్సు తప్పిపోతుందని పిల్లలంతా సంచులు భుజాన వేసుకుని పారిపోయారు. సగం చెప్పిన కథ గొంతులో అడ్డంపడితే నాకు అన్నం సయించదు. అందుకని మిగతాది మీకు చెబుతున్నాను, మొదటినుంచీ.

అప్పుడు నేను రీసెర్చి చేస్తున్న రోజులు. మా ఊరు దొరవారిసత్రానికి తూర్పున, పులికాట్ గాలి తగిలేంత దూరంలో ఉంటుంది. మా అమ్మానాన్నా ఉద్యోగాల కోసం నెల్లూరులో ఉండేవాళ్లు. నేను మాత్రం వీలు దొరికినప్పుడల్లా ల్యాప్‌టాప్ సంచీతో ఊరికి వచ్చి పడేదాన్ని. ఊళ్లో ఉన్నది నలుగురు. మా నాన్న తల్లి, మా అవ్వ. నాన్న అన్న, పెదనాన్న. నాన్న తమ్ముడు, చిన్నాన్న. చిన్నాన్న భార్య, మా పిన్ని. పెద్దమ్మ ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు. అందువల్ల ఇంటి పెత్తనమంతా పెదనాన్నది, ఇంటి పని అంతా పిన్నిది. పెదనాన్న గొంతు ఎలాంటిదంటే, నడుస్తున్న ట్రాక్టర్ మీద కూర్చున్న మనిషిని గట్టు మీద నుంచి పేరు పెట్టి పిలిస్తే ట్రాక్టర్ ఆగేది. మంచి మనిషే. కానీ ఆయనకి ఇల్లు నడిపే సూత్రం ఒకటుండేది. ఎవరైనా వచ్చి ఫలానాది బాగోలేదని చెబితే వెంటనే చేసిపెడతాడు. ఎవరూ ఏమీ చెప్పలేదంటే అంతా బాగున్నట్టే. "ఎవురూ ఏం అనలా గదా, ఇంకేంది?" అని తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయేవాడు.

పిన్ని నాకన్నా నాలుగైదేళ్లు పెద్దది, అంతే. వంటింట్లో కూర్చుంటే దాని నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. (దాని అంటున్నానని కోప్పడకండి, మా ఇద్దరి మధ్య ఆ చనువుంది.) ఊళ్లో ప్రతి ఒక్కరి నడకా, దగ్గూ అచ్చంగా చేసి చూపించేది. పెదనాన్న ట్రాక్టర్‌ని పిలిచే పిలుపు కూడా గొంతు తగ్గించి అనేది, నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేదాన్ని. అలాంటి మనిషి పెదనాన్న అడుగుల చప్పుడు వినపడితే చాలు, తలుపు చాటుకి వెళ్లి మూగదైపోయేది. మా వైపు తమ్ముడి భార్య బావగారి ఎదట పడదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. పెళ్లై అన్నేళ్లయినా ఆయన దాని గొంతు విననేలేదు. ఆయనా అంతే, ఏదైనా కావాలంటే గోడతో చెప్పినట్టు "ఆ పిల్లకి చెప్పండి, మజ్జిగ తెమ్మని" అనేవాడు. మరి అన్నం వడ్డించానని చెప్పడం ఎలా? గాజులు. తలుపు చాటున నిలబడి చెయ్యి ఒకసారి ఆడిస్తే గాజులు గలగలమనేవి, ఆయన కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చునేవాడు. వేళ దాటినా గాజులు మోగకపోతే వసారాలో అటూ ఇటూ తిరుగుతూ "ఏందీ, ఇంకా సద్దు లేదే?" అని గోడని అడిగేవాడు.

ఇక గుంట సంగతి. చిన్నాన్న వరి పొలంలో ఒక మూల తవ్వించి రొయ్యలు వేశాడు. మొదటి పంట మొత్తం ఒక్క ఉదయంలో పోయింది. రొయ్యలకి నీళ్లలో ఆక్సిజన్ చాలినంత ఉండాలి. మబ్బు పట్టినప్పుడు అది పడిపోతుంది, అప్పుడు ఏరియేటర్లు, అంటే నీళ్లు చిమ్ముతూ తిరిగే చక్రాలు, వెంటనే తిప్పాలి. ఆ రోజు కాపలా మనిషి టీకని వెళ్లాడు, అతను తిరిగొచ్చేసరికి గట్టు పొడుగునా రొయ్యలు తెల్లగా తేలి ఉన్నాయి. పెదనాన్న ఒక్కటే మాట అన్నాడు. ఇంకొక్క పంట చూస్తాను, అదీ పోతే గుంట పూడ్చి వరి వేస్తాను, తమ్ముడు నాయుడుపేటలో ఎవరిదో మేతల కొట్లో పనికి పోవాలి. చిన్నాన్న తలూపాడు. పిన్నిని ఎవరూ అడగలేదు. ఆ గుంట దాని ప్రాణం. తెల్లవారేసరికి మేత బొచ్చె చంకన పెట్టుకుని గట్టు చుట్టూ తిరిగేది, నీళ్లలోకి వంగి వాటితో కబుర్లు చెప్పేది. ఇంట్లో పెద్దాయనతో మాట్లాడని మనిషి రొయ్యలతో గంటలు గంటలు మాట్లాడేది.

నేను సరిగ్గా ఆ రెండో పంట సమయానికి నా బోర్డు పట్టుకుని దిగాను. నీళ్లలో ఒక సెన్సర్ వేలాడుతుంది, ఆక్సిజన్ తగ్గితే బోర్డుకి చెబుతుంది, బోర్డు చక్రాలు తిప్పుతుంది, కాపలా మనిషి టీ తాగనీ, కల్లు తాగనీ. అబ్బ, ఆ ఆలోచన వచ్చిన వారం నేను నేల మీద నడిచానా! నిజమైన గుంట మీద పెట్టి చూపిస్తే తప్ప ఇది రీసెర్చి అనిపించుకోదని మా గైడు గారు తేల్చి చెప్పారు. గుంట పెదనాన్న చేతిలో ఉంది. ఆయన బోర్డుని అటూ ఇటూ తిప్పి చూసి, తన షరతు చెప్పాడు. "తక్కువని చెప్తేనే తిప్పాల. ఊరికే తిరగతా ఉంటే కరెంటు ఎవురబ్బ కడతాడు?" సరేనని అలాగే రాశాను. తక్కువ అని సెన్సర్ చెబితే తిప్పు, లేకపోతే ఊరుకో. కంప్యూటర్లో నడిపిస్తే గీతలన్నీ పచ్చగా నవ్వాయి. ల్యాప్‌టాప్ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని చాలాసేపు చూసి, "గీతలు బాగుండాయి. రొయ్యలు యాడ?" అన్నాడు.

ఇది ఉత్తుత్తి గుంట పెదనాన్నా, శ్రీహరికోటలో రాకెట్టు కూడా ముందు కంప్యూటర్లో ఉత్తుత్తిగా ఎగరేసి చూసుకుంటారు, ఆ తరవాతే నిజంగా ఎగరేస్తారు అని చెప్పాను. రాకెట్ పేరు చెప్పడం పనిచేసింది. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఆ ఉత్తుత్తిది నాకు అర్థమయ్యేట్టు చెయ్యి. గీతలొద్దు. మనుషులుండారు గదా, మనుషులతో చేసి చూపించు" అన్నాడు. వెటకారంగానే అన్నాడనుకోండి. నాకు మాత్రం ఒళ్లు పులకరించింది. అంత మంచి ఆలోచన మా గైడు గారికి కూడా రాలేదు.

మర్నాడు పొద్దున టిఫిన్లయ్యాక వసారాలో ఉత్తుత్తి గుంట మొదలైంది. అవ్వ గడియారం. అవ్వకి పళ్లు లేవు, వక్కాకు చిన్న ఇనప రోట్లో దంచుకుని తినేది. ఆమె ఒక దెబ్బ వేస్తే అందరూ ఒకసారి తమ పని చెయ్యాలి, ఇంకో దెబ్బ వేసేదాకా కదలకూడదు. పెదనాన్న కంట్రోలర్, వాలుకుర్చీలో. చిన్నాన్న ఏరియేటర్, వసారా మధ్యలో తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. పెదనాన్న "తిప్పు" అంటే తలమీద గిరగిరా తిప్పాలి. పిన్ని సెన్సర్. ఎప్పటిలాగే తలుపు చాటున నిలబడి, చెయ్యి మాత్రం బయటికి చాపింది. నేను ఆ చేతిలో చింతగింజలు వేస్తాను. చింతగింజలంటే ఆక్సిజన్. గుప్పెడు నిండితే బాగున్నట్టు, నిండకపోతే నోరు తెరిచి "తక్కువ" అనాలి. అంతే పని.

మొదట్లో గడియారంతోనే తంటా వచ్చింది. అవ్వ రెండు దెబ్బలు వేసి, వాకిట్లో వడియాల మీదికి వచ్చిన కోడిని తిట్టడం మొదలుపెట్టింది. గుంట మొత్తం నిలిచిపోయింది. పెదనాన్న వేలెత్తి అలాగే ఉన్నాడు, చిన్నాన్న తువ్వాలు పట్టుకుని బొమ్మలా నిలబడ్డాడు. "దంచవ్వా!" అని నేను అరిచాను. "ఉండే, అది వడియాలన్నీ బొక్కేస్తుంటే నీ గుంట ఒకటా నాకు" అని అవ్వ. గడియారం ఆగితే ఏదీ ముందుకు జరగదని పుస్తకంలో ఒక పేజీ నిండా ఉంటుంది, మా ఇంట్లో అది కోడి చెప్పింది. పెదనాన్నకి మాత్రం ఆట నచ్చేసింది. "ఓహో, అది కొట్టిందాకా నేను గమ్మునుండాల. బాగుండాది, బాగుండాది" అని కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నాడు.

అవ్వ మళ్లీ అందుకుంది. టక్కు, టక్కు. నేను పిన్ని చేతిలోంచి గింజలు తీసేస్తూ వచ్చాను. గుప్పెడు సగమైంది. టక్కు. పిన్ని పలకలేదు. నాలుగు గింజలు మిగిలాయి. టక్కు. పలకలేదు. తలుపు సందులోంచి చూస్తే తల వంచుకుని, రెండో చేత్తో కొంగు నలుపుతోంది. "చెప్పు పిన్నీ!" అని గుసగుసలాడాను. నువ్వే చెప్పు అని కళ్లతో సైగ చేసింది. అరచేతిలో ఒక్క గింజ కూడా లేదు. టక్కు, టక్కు, అవ్వ దంచుతూనే ఉంది. పెదనాన్న వాలుకుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలేసుకుని, "భేషుగ్గా నడస్తా ఉండాదమ్మే నీ గుంట. ఇంత సేపైనా ఎవురూ ఏం అనలా" అన్నాడు.

"రొయ్యలన్నీ పోయినాయి పెదనాన్నా" అన్నాను.

"ఏందీ!" అని లేచాడు ఆయన. "ఎవురు చెప్పినారు నాకు?"

"ఎవురూ చెప్పలా. అందుకే పోయినాయి."

చిన్నాన్న తువ్వాలు భుజాన వేసుకుని నేల చూపులు చూస్తున్నాడు. అవ్వ రోకలి పైకెత్తి అలాగే పట్టుకుంది. తలుపు చాటున చెయ్యి లేదు. వంటింట్లోకి వెళ్లేసరికి పిన్ని పొయ్యి వైపు తిరిగి నిలబడి ఉంది. ఏడుస్తోందేమో అనుకున్నాను, ఏడుపూ కోపమూ రెండూ ఉన్నాయి. "నోటితో చెప్పమంటే నాకెట్టా వస్తాదే? ఆయన ముందర నాకు నాలిక లేవదు. తెలిసీ నన్ను పెట్టినావు ఆడ" అంది. ఆ వెంటనే నా భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "అది సరే, నాకు ఒకటి చెప్పు. నేనంటే మనిషిని, సిగ్గుపడి గమ్మునున్నా. రేపు ఆ నీళ్లలో నీ సెన్సర్ గమ్మునుంటే? ఏ వైరో తెగిపోతే? ఉత్తుత్తి గుంటలోనే చచ్చిపోతుండాయి, నా నిజం గుంటని నీ చేతిలో ఎట్టా పెట్టేదే?"

ఒక్క ఉరుకు ఉరికి ల్యాప్‌టాప్ వంటింట్లోకి తెచ్చి తెరిచాను. కంప్యూటర్ గుంటలో సెన్సర్ తీగని తెంపేసి నడిపించాను. సెన్సర్ గీత ఎర్రగా మారింది. సరే, అది మర్యాద. ఆ ఎరుపు బోర్డులోకి వెళ్లి, నేను రాసిన "లేకపోతే ఊరుకో" దగ్గరికి చేరింది. తెలియదు అన్నది తక్కువ అన్నట్టు కాదు గదా, అందుకని లేకపోతేలో పడింది. అవతలి వైపు చూస్తే చక్రాల గీత పచ్చగా, సున్నా మీద, అంటే తిప్పొద్దని, హాయిగా పడుకుని ఉంది! ఎర్ర గీత లోపలికి వెళ్లి పచ్చ గీతై బయటికి వచ్చింది! మా పెదనాన్న సూత్రం అక్షరం పొల్లు పోకుండా ఆ బోర్డులో కూర్చుంది. నేను వంటింట్లో గంతులేశాను. నిజమండీ, గంతులే. తప్పు దొరికితే ఏడవాలి గానీ గంతులేంటని మీరనుకోవచ్చు. ఉత్తుత్తి గుంటలో దొరికిన తప్పు కన్నా మా రంగంలో పండగ లేదు. అక్కడ చచ్చిన రొయ్యలన్నీ చింతగింజలేగా! "పిన్నీ, నువ్వు బంగారమే!" అని దాని రెండు చేతులూ పట్టుకుని ఊపాను. గాజులు గలగలమన్నాయి. ఇద్దరం ఒక్కసారే ఆగిపోయాం.

వసారాలోంచి పెదనాన్న అడుగులు వినిపించాయి. మా గోలలో భోజనం వేళ దాటింది. "ఏందీ, ఇంకా సద్దు లేదే?" అంటున్నాడు గోడతో. పిన్ని కళ్లు మెరిశాయి. "చూడవే. గాజులు మోగకపోతే ఆయన లేచి వస్తాడు. మాట రాకపోతే మాత్రం లేవడు. నోటితో నా వల్ల కాదు. గాజులతో అయితే చెప్తా."

ఆ సాయంత్రం మళ్లీ ఆడాం, సూత్రం మార్చి. అవ్వ దెబ్బ వేసిన ప్రతిసారీ పిన్ని గాజులు మోగించి తీరాలి. ఒకసారి మోగితే బాగుంది. రెండుసార్లు మోగితే తక్కువ. అసలు మోగకపోతే, ఏమైందో తెలియదు గనక, తిప్పాల్సిందే. కరెంటు సంగతి తరవాత చూసుకుందామని నేను మొండికేశాను. టక్కు, గలగల. టక్కు, గలగల. ఎంత బాగా నడిచిందో! పిన్నికి హుషారు ఎక్కింది. మధ్యలో, నేను చెప్పకుండానే, ఒక చేత్తో రెండో చేతి గాజులు గట్టిగా పట్టుకుని నిలబడింది. టక్కు. చప్పుడు లేదు. పెదనాన్న ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచాడు. "ఏందీ, సద్దు లేదే? తిప్పు! ఒరే, తిప్పరా!" అని అరిచాడు. చిన్నాన్న తిప్పిన తిప్పుడికి గోడ మీది క్యాలెండరు వెళ్లి అవ్వ ఒళ్లో పడింది. అవ్వ తిట్లు, చిన్నాన్న నవ్వులు, తలుపు చాటున కొంగు అడ్డం పెట్టుకుని పిన్ని. పెదనాన్న మాత్రం చాలా గంభీరంగా, "ఇంకోసారి చెయ్యండి" అన్నాడు. చీకటి పడేదాకా ఆడించాడు మమ్మల్ని.

బోర్డులో కూడా అదే రాశాను. సెన్సర్ ఊరికే ఉండకుండా మాటిమాటికీ ఒక చప్పుడు పంపిస్తూ ఉండాలి, ఆగితే చక్రాలు తిరగాలి. ఆ తీగకి నేను పెట్టిన పేరు గాజులు. ఇప్పటికీ నా ప్రోగ్రాములో ఆ పేరే ఉంది, నా పేపరు చదివిన ఒక ప్రొఫెసరు గారు ఇదేం సాంకేతిక పదమని అడిగారు కూడా. మళ్లీ కంప్యూటర్లో తీగ తెంపి, తీగ అతికించి, తప్పుడు చప్పుళ్లు పంపి, అన్ని రకాలుగా ఏడిపించి చూసి, శుక్రవారం పొద్దున గుంట గట్టు మీద పెట్టాం. పిన్ని దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. తడి పసుపు లోపలికి కారుతుందేమోనని నా ప్రాణం పోయింది.

తరవాత కొన్నాళ్లకి వాన పట్టింది. పొద్దెక్కినా వెలుగు లేదు, ఆకాశమంతా బూడిద రంగు, గాలి ఆకు కదలనంత బిగుసుకుపోయింది. చిన్నాన్న మేత కోసం నాయుడుపేట వెళ్లాడు. కాపలా మనిషి రానేలేదు. నేనూ పిన్నీ గట్టు మీద నడుస్తున్నాం, పిన్ని ఎవరి దగ్గో చేసి చూపిస్తోంది, నేను నవ్వుతున్నాను. ఉన్నట్టుండి చక్రాలు నాలుగూ ఒక్కసారి తిరగడం మొదలుపెట్టాయి. నీళ్లు ఎగిరి మా మీద పడ్డాయి. బోర్డు దగ్గరికి పరుగెత్తి చూస్తే తక్కువ అని చూపించే దీపం వెలగలేదు. గాజుల దీపం ఆరిపోయి ఉంది. సెన్సర్ వైరు పట్టుకుని గట్టు వెంట వెతుక్కుంటూ వెళ్లాను. పందికొక్కు కొరికేసింది! రెండు ముక్కలు! "పిన్నీ, వైరు తెగింది! తెగినా తిప్పింది!" అని అరిచాను. పిన్ని నా మాట వినడం లేదు. నీళ్ల అంచున వంగి చూస్తోంది. రొయ్యలు లోతు వదిలేసి గట్టు వారకి వచ్చి మూతులు పైకెత్తి ఉన్నాయి. వైరు తెగడం ఒక్కటే కాదు, ఆక్సిజన్ నిజంగానే పడిపోయింది.

అప్పుడే అవతలి గట్టు మీద నుంచి ఆ గొంతు. "ఎవురు తిప్పినారు? దీపం యాడ వెలిగింది? ఊరికే తిప్పబాకని చెప్పలా నేను!" పెదనాన్న గొడుగు ఊపుకుంటూ వచ్చేస్తున్నాడు, వస్తూ వస్తూనే స్తంభానికున్న మెయిన్ స్విచ్చి మీద చెయ్యి వేశాడు. నేను గుంటకి ఈ మూల ఉన్నాను. నా గొంతు చక్రాల హోరులో కలిసిపోయింది. ఆయన చెయ్యి స్విచ్చిని పట్టుకుంది.

"బావగారూ! ఆపబాకండి!"

ట్రాక్టర్‌ని ఆపే గొంతు ఇంట్లో ఆయనదొక్కటే అనుకునేవాళ్లం. పిన్ని గట్టు మీద నిటారుగా నిలబడి ఉంది, కొంగు జారిపోయినా చూసుకోలేదు. పెదనాన్న చెయ్యి స్విచ్చి మీదే ఉండిపోయింది. ఆ గొంతు ఎవరిదో ఆయనకి తెలియడానికి ఒక క్షణం పట్టిందనుకుంటాను. మెల్లిగా చెయ్యి తీశాడు. నీళ్ల వైపు చూశాడు, గట్టు వారన తేలుతున్న మూతులు చూశాడు, పిన్ని వైపు చూశాడు. గోడని కాదు, నన్ను కాదు, దాన్నే, నేరుగా, "తక్కువా?" అని అడిగాడు.

"తక్కువ" అంది పిన్ని.

"తిప్పు" అన్నాడాయన, అవి ఎప్పట్నుంచో తిరుగుతున్నా. అని, గొడుగు ముడిచి, గట్టు మీదే బురదలో కూర్చుండిపోయాడు. మేం ముగ్గురం ఒకరికొకరం దూరంగా నిలబడి, కూర్చుని, నీళ్లలోకి చూస్తూ ఉన్నాం. కాసేపటికి ఒక్కొక్క రొయ్యే లోపలికి దిగిపోయింది. నేను ఏడ్చాను, సిగ్గు లేకుండా. ఆ పంట దక్కింది.

ఆ రోజు భోజనాల దగ్గర పెదనాన్న అన్నం కలుపుతూ కలుపుతూ ఆగాడు. "ఇన్నేళ్లు ఆ పిల్ల ఒక్క మాట అనలా. బాగుండాదనుకున్నా" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. తలుపు చాటున గాజులు మోగాయి. ఒకసారి. ఆగి, ఇంకోసారి. చిన్నాన్నకి పొలమారింది, అవ్వ పళ్లు లేని నోటితో పకపక నవ్వింది. రెండుసార్లంటే ఏమిటో పెదనాన్నకి కాస్త ఆలస్యంగా వెలిగింది. వెలిగాక ఆయనా నవ్వాడు. "ఏం తక్కువో చెప్పమ్మా" అన్నాడు తలుపుతో. పిన్ని బయటికి వచ్చింది. "గుంట పూడుస్తానని మాటిమాటికీ అనబాకండి బావగారూ. ఆ మాట వింటే నాకు ముద్ద దిగదు." ఆయన తల వంచుకుని, "సరేమ్మా, అనను" అన్నాడు. మళ్లీ అనలేదు కూడా.

నిన్న ల్యాబులో ఆ అమ్మాయి చేత సున్నాలన్నీ తీయించి, ఎర్ర గీతలు వెనక్కి తెప్పించాను. పాపం, ఏడుపు మొహం పెట్టింది. సాయంత్రం ఇంటికొచ్చి ఉండబట్టలేక పిన్నికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. గుంట ఇంకా ఉంది, పక్కన రెండోది కూడా ఉంది. పెదనాన్నకి ఇప్పుడు చెవులు సరిగా వినపడవు, పిన్ని రోజంతా ఆయనతో గొంతెత్తి మాట్లాడుతూనే ఉంటుంది. మేత గురించీ మందుల గురించీ ఇద్దరూ పోట్లాడుకుంటారని చిన్నాన్న ఫిర్యాదు. నా కథ వింటూ పిన్ని కాసేపు మాట్లాడకుండా ఉండిపోయింది. అంతే, ఫోనులో వెనక నుంచి ఆ పాత గొంతు, కాస్త బొంగురుగా. "ఏందమ్మా, సద్దు లేదే? ఏమైంది?" పిన్ని నవ్వి, ఆయన చెవి దగ్గర చెయ్యి ఆడించినట్టుంది. గాజులు ఒకసారి మోగాయి. ల్యాబులో గడియారం ఆపితే గీతలన్నీ ఉన్నచోటనే నిలబడిపోతాయని రేపు మళ్లీ పిల్లలకి పాఠం చెబుతాను. మా అవ్వ రోలు ఆగిపోయి చాలా ఏళ్లయింది, అయినా మా ఇంట్లో కాలం పిన్ని గాజుల చప్పుడు పట్టుకుని నడుస్తూనే ఉంది.